బొగ్గు మెడ బెల్టు

చెరకు ట్రాక్టరు తోలే అప్పలరాజుకు నవ్వడానికి రోజూ ఏదో ఒకటి కావాలి. పక్కింటి రత్నమణి తన కుక్క మెడ బెల్టుకు, బళ్ల లైటు పడితే మెరిసే రేడియం పట్టీ కుట్టిననాడు అతనికి పండగే అయింది.

ఆ కుక్క పేరు బొగ్గు. పేరుకు తగ్గ నలుపు. రత్నమణి నర్సీపట్నంలో బట్టలు కుట్టి ఇల్లు చేరేసరికి పొద్దు గూకుతుంది. పగలు తీసుకెళ్దామన్నా మార్చి ఎండకు తారు కాలి పాపం దాని పాదాలు బొబ్బలెక్కుతాయి. అందుకే చీకటి పడ్డాకే ఇద్దరూ గొలుగొండ రోడ్డెక్కుతారు, ఎదురొచ్చే బళ్లు కనిపించేలా కుడి అంచునే.

"ఏటప్పా, బొగ్గుగాడికి పెళ్లి కుదిరిందేటి? ఆ తళుకులేటి?" అక్క వరసైన రత్నమణిని ఆటపట్టించాడు అప్పలరాజు.

"నవ్వుకోరా తమ్ముడూ. ఓ ముక్క మిగిలింది, నీ ట్రాలీ ఎనకాల అంటించనా? సెరుకు కిందకి ఏలాడి నీ లైట్లే కనబడవు."

"అదెందుకప్పా! బండాగిపోతే ఎనకాల రోడ్డు మీద కొమ్మేసేత్తాం. మా అయ్య కాలం నుంచీ అదే."

ఆ వారం తిరక్కుండానే, గొలుగొండ రోడ్డు మీద నిండు లోడుతో వెళ్తుండగా ట్రాలీ టైరు పేలింది. అప్పుడే చీకటి పడింది. అప్పలరాజు ఓ కానుగ కొమ్మ విరిచి వెనక రోడ్డు మీద పడేశాడు. ఇక తనకేం ఢోకా లేదనుకుని జాకీ పెట్టి ట్రాలీ కిందకు దూరాడు. కాళ్లు రెండూ రోడ్డు మీదే ఉండిపోయాయి.

కాసేపటికి బొగ్గు అరుపు, వెంటనే రత్నమణి కేక.

"ఒరే, బేగి బయటికి రా! బస్సొత్తంది!"

"కొమ్మేసేను గదప్పా!"

"నా కాలికి తగిలేదాకా ఆ కొమ్మ నాకే కనబళ్లేదురా!"

ఆమె బస్సుకు ఎదురు పరుగెత్తిన చప్పుడు. ఆ తర్వాత బ్రేకుల కీచు. అప్పలరాజు పాక్కుంటూ బయటికొచ్చి చూస్తే బస్సు అల్లంత దూరాన ఆగి ఉంది. డ్రైవరు దిగి నడిచి వస్తున్నాడు.

"ట్రాక్టరు నీదేనా? రా. నా సీట్లో కూకుని సూడు."

రెక్క పట్టుకుని తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. అప్పలరాజు అద్దంలోంచి చూశాడు. ఓరి దేవుడా! ట్రాలీ లేదు. చెరకు లేదు. కొంత దూరం దాటితే బస్సు లైట్లకూ అంతా చీకటే. ఆ చీకట్లో, గాలిలో, ఒకే ఒక్క వెలుగు గీత అటూ ఇటూ ఊగుతోంది. రెండు వేళ్ల వెడల్పు లేని పట్టీ ముక్క, ఇంత బస్సును ఆపేసింది! తెలియకుండానే చేతులు జోడించాడు.

"మరి నా కొమ్మేది?" అన్నాడు మెల్లగా.

"ఆయమ్మ ఆ బెల్టు కట్టింది నీ కొమ్మకే," అన్నాడు డ్రైవరు.

అప్పలరాజు మళ్లీ అద్దంలోంచి చూశాడు. ఇందాక తను కాళ్లు చాపుకుని పడుకున్నది ఆ చీకట్లోనే.

తిరిగి వచ్చేసరికి రత్నమణి మట్టి అంచున నిలబడి ఇంకా కొమ్మ ఊపుతూనే ఉంది. బెల్టు లేని బొగ్గు ఎక్కడ రోడ్డెక్కుతుందోనని దాన్ని రెండు మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుంది. అప్పలరాజు వాళ్ల ముందు కూలబడ్డాడు. కొమ్మకున్న బెల్టు విప్పి బొగ్గు మెడకు పెట్టాడు. బొగ్గు అతని చేతులు నాకింది.

"అప్పా," అన్నాడు, "ఆ మిగిలిన ముక్క ఉందా, పారేసేవా?"