బంట్రోతు కొలతలు

పురపాలక సభలో అందరూ ఒకే రకం కోటు వేసుకోవాలన్న ఆలోచన సైన్సు మాస్టారిది. బడి నుంచి పదవీ విరమణ చేసి, వార్డు ఎన్నికలో నెగ్గి, సభలో అడుగుపెట్టిన తొలిరోజే ఆయన ముక్కున వేలేసుకున్నారు. ఒకాయన స్నానాల గదిలోంచి తిన్నగా వచ్చినట్టు రబ్బరు చెప్పులతో వచ్చారు. ఇంకొకాయన చొక్కా నిండా తన మొహమే అచ్చు వేయించుకుని వచ్చారు. ఒక సభ్యురాలి తళుకుల శాలువా పుణ్యమా అని, రోడ్డు గుంతల మీద మొదలైన చర్చ ఆ శాలువా ఎక్కడ దొరుకుతుందన్న దాని మీదికి మళ్ళింది.

"మనిషి మాట వినాలంటే మనిషి వేసుకున్న గుడ్డ అడ్డం రాకూడదు," అని మాస్టారు వాదించారు. "అందరికీ బూడిద రంగు కోటు ఇచ్చి చూద్దాం. రభస తగ్గితే ఉంచుకుందాం, లేకపోతే తీసేద్దాం. ఇది పరీక్ష మాత్రమే."

ఎదుటి పక్షం నాయకుడు, తాళాల దుకాణం యజమాని, లేచారు. ఆయన లేవడం మొదలుపెట్టాక పూర్తవడానికి కాస్త సమయం పట్టేది, అంత పొడుగు. ఊరంతా ఆయన్ని నిచ్చెన అనే పిలిచేది.

"మాస్టారూ, జనం మనల్ని మనలాగే చూసి ఓటేశారండీ. ఇప్పుడీ ముసుగులెందుకు? రబ్బరు చెప్పులాయన బుర్ర చెప్పుల్లో ఉండదు కదా!"

సభ నవ్వింది గానీ, ఓటు మాత్రం మాస్టారికే వేసింది. నియమాలు రాసే పనీ ఆయనకే అప్పగించింది. కోటు లేనివారికి సభలో చోటు లేదని రాశాక, ఆయన ఇంకొక్క వాక్యం ఎంతో శ్రద్ధగా చేర్చారు. వ్యాయామశాల నడిపే సభ్యుడు ప్రతి పోట్లాటకు ముందూ చొక్కా చేతులు పైకి మడవడం ఆయన గమనించారు. కారణాన్ని ఆపితే కార్యం ఆగాలి కదా! అందుకని, సభలో కోటు చేతులు మడవరాదు, పైకి లాగరాదు, అలా చేసినవారు బయటికి నడవాలి అని రాశారు. ఆ వాక్యం చూసుకుని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నారు.

దర్జీ కొలతల టేపు మెళ్ళో వేసుకుని సభ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ముందుగా కొలతకు నిలబడితే ఎక్కడ చులకనైపోతామోనని ఎవరికి వారే "మిగతావాళ్ళవి కానివ్వవయ్యా, చూద్దాం" అంటూ దాటుకుపోయారు. మాస్టారు కూడా నియమాల తుది ప్రతి దిద్దుకుంటూ, "రేపు రావయ్యా" అన్నారు. చివరికి అక్కడ కదలకుండా నిలబడ్డ మనిషి దర్జీకి ఒక్కడే కనిపించాడు: కాపలా బంట్రోతు. తల వంచితే తప్ప గుమ్మం దాటలేని భారీ మనిషి. కోటు పెద్దదైతే సర్దుకుంటారు, చిన్నదైతే నన్ను తిడతారు అనుకుని, దర్జీ కోట్లన్నీ ఆ కొలతలకే కత్తిరించేశాడు.

కోట్లు వచ్చిన ఉదయమే ఆసుపత్రి బస్సు విషయం సభ ముందుకు వచ్చింది. కొండ మీది ఆసుపత్రికి వెళ్ళే బస్సు అదొక్కటే. దాని గడువు ఆ సాయంత్రంతో సరి. సభ పొడిగించకపోతే మర్నాటి నుంచి బస్సు రాదు. మాస్టారి అక్క మోకాళ్ళ వైద్యానికి అందులోనే వెళ్తుంది. ఆవిడ చేతికర్రతో సహా వచ్చి సందర్శకుల బెంచీ మీద కూర్చుంది. తమ్ముడు లోపలికి రాగానే పకపకా నవ్వింది.

"ఒరేయ్, కోటు ఒక్కటే నడిచొస్తోంది, నువ్వెక్కడున్నావురా?"

"అక్కా, ఇది సభ," అన్నారు మాస్టారు, కాలర్లోంచి.

సభ్యులంతా దుప్పట్లు చుట్టుకున్నట్టున్నారు. నిచ్చెనకు మాత్రం కోటు పోత పోసినట్టు కుదిరింది. బస్సు దండగ అని ఆయనా, కాదని మాస్టారూ వాదించారు. వ్యాయామశాల సభ్యుడికి ఆవేశం వచ్చింది గానీ, మడుద్దామంటే వేళ్ళు ఎక్కడున్నాయో దొరకలేదు. చర్చ అంత సవ్యంగా సాగడం అదే మొదలు. పరీక్ష ఫలించిందని మాస్టారు లోలోపల మురిసిపోయారు.

"బస్సు ఉండాలన్నవారు చేతులెత్తండి," అన్నారు అధ్యక్షురాలు.

బూడిద రంగు కోటు చేతులు పొగగొట్టాల్లా లేచి నిలబడ్డాయి. వాటి కొసన అరచేయన్నది లేదు. మాస్టారికి తెలిసిన శాస్త్రం ప్రకారం ఆ గుడ్డ కిందికి జారాలి. లోపల దళసరి కాన్వాసు వేసి కుట్టడం వల్ల అది గురుత్వాకర్షణను ఖాతరు చేయలేదు.

"అరచేయి కనిపిస్తేనే ఓటు. నోటి ఓటు పెడితే పెద్ద గొంతుకి రెండు పడుతున్నాయని మనమే మానేశాం," అన్నారు అధ్యక్షురాలు. "ఒక్కటీ కనిపించడం లేదు. ఇక వద్దన్న..."

"ఆగండి!" మాస్టారు గాభరాగా లేచారు. "ముందు ఈ కోటు నియమం రద్దు చేయండి."

"చేస్తాను. దానికీ చేతులు కనబడాలి. కనబడాలంటే కోటు విప్పాలి, లేదా మడవాలి. ఏది చేసినా మీరు రాసినదాని ప్రకారం బయటికి పంపాలి."



"రేపట్నుంచి నన్ను కొండ మీదికి నీ వీపు మీద మోస్తావట్రా?" అక్క గొంతు ఖంగుమంది.

"అమ్మా, సందర్శకులు మాట్లాడకూడదు," అన్నారు అధ్యక్షురాలు.

"సభతో కాదు తల్లీ, మా తమ్ముడితో మాట్లాడుతున్నా."

సభ మొత్తంలో పైకి కనిపించే చేతులు ఒక్కరివే. మాస్టారు కోటు ఈడ్చుకుంటూ నిచ్చెన బల్ల దగ్గరికి వెళ్ళారు.

"ఈ నియమం తమరు మొదట్నుంచీ వద్దన్నారు."

"ఇప్పుడూ అదే మాట. కానీ నేను చెయ్యెత్తితే మీ చేతులు బయటపడతాయి, బస్సు మిగులుతుంది. నాకేంటండీ లాభం?"

"ఏమీ లేదు," అన్నారు మాస్టారు. "కాకపోతే, మీ మాట నెగ్గి బస్సు ఆగితే సరే. కోటు మీ ఒక్కరికే కుదిరినందువల్ల ఆగిందంటే మీకే బాగుండదు."

నిచ్చెన తన కోటు చేతుల వంక ఓసారి చూసుకున్నారు. "అయితే పరీక్ష ఓడిందని సభ వినేలా చెప్పండి."

ఇన్నేళ్ళూ పిల్లల ముందు తప్పిన ప్రయోగాన్ని తప్పిందనే చెప్పిన మనిషే, ఇప్పుడు ఆ మాటకు తోక తగిలించబోయారు.

"అధ్యక్షా, నా పరీక్ష ఓడింది. అయితే చర్చ మటుకు ప్రశాంతంగా సాగిందన్న సంగతి..."

"తమ్ముడూ!"

"ఓడింది, అంతే," అన్నారు మాస్టారు.

నిచ్చెన చెయ్యెత్తారు. రద్దుకు ఒక ఓటు. వద్దన్నవారి కోసం అధ్యక్షురాలు అటూ ఇటూ చూశారు. ఎత్తినవి ఉన్నా తెలిసే దారి లేదు. నియమం రద్దయింది. క్షణంలో కోట్లన్నీ కుర్చీల మీద కుప్పలు పడ్డాయి, బస్సు కోసం అరచేతులు లేచాయి. వద్దన్నవైపు నిచ్చెన, మరి కొద్దిమందీ మిగిలారు. బస్సు నిలిచింది.

సభ ముగిశాక కూడా నిచ్చెన ఒంటి మీద కోటు అలాగే ఉంది.

"అదింకా ఎందుకు నాయనా, రద్దయిందిగా?" అంది అక్క.

"రద్దయింది నియమమేనండీ అక్కగారూ," ఆయన కోటు అంచు సవరించుకున్నారు. "మణికట్టు దాకా వచ్చే కోటు పుట్టి బుద్ధెరిగాక నాకెవరూ కుట్టలేదు."