ఒకునో చూసిన వీడియో

ఒకునో పేటెంట్ లాయరు. ఒసాకాలో నలభై ఏళ్ళు అదే పని. కుక్కరు మూతలు, గొడుగు పిడులు, రైలు తలుపుల కీళ్ళు. ఎవరో కనిపెట్టేవారు, ఇంకొకడు ఎత్తుకుపోకుండా ఈయన కాపలా కాసేవాడు. వచ్చిన ప్రతివాడికీ మొదట చెప్పే మాట ఒకటే: దరఖాస్తు పడేదాకా నోరు విప్పకండి. నలుగురికీ చూపించేసినదానికి పేటెంటు రాదు.

ఇంట్లోనూ అదే పద్ధతి. "ఇవాళేం పని చేశావు?" అని భార్య అడిగితే చెప్పకూడదనేవాడు. కొన్నేళ్ళకి ఆవిడ అడగడం మానేసింది. ఆవిడ పోయిన రోజున, వచ్చినవాళ్ళకి ఆవిడ గురించి చెప్పడానికి ఆయన దగ్గర నాలుగు మాటలు లేవు.

రిటైరయ్యాక దోహాలో ఒక లా ఆఫీసు సలహాదారుగా రమ్మంది. వెళ్ళొద్దనేవాళ్ళు లేరు కాబట్టి వచ్చాడు.

ఇక్కడ ఆయన కోసం తెరుచుకునే తలుపు ఒక్కటే, అల్ ఘర్రాఫాలో సుధాకరరావు ఇల్లు. సుధాకరరావుది కాకినాడ. దోహా దగ్గర మెసయీద్‌లో ఎరువుల ఫ్యాక్టరీ ఇంజనీరు. అమ్మోనియా పంపు లీకవకుండా ఒక సీలు తయారుచేశాడు. కంపెనీ మాకక్కర్లేదు, పేటెంటు నీ పేరునే తీసుకో అంది. ఆ పని మీద ఆఫీసుకొచ్చి, ముసలాయన మధ్యాహ్నం బిస్కెట్లతో సరిపెట్టుకోవడం చూసి, శుక్రవారం భోజనానికి పిలిచాడు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం కారు వేసుకొచ్చి తీసుకెళ్ళేవాడు.

"బాబాయిగారూ, ఇవాళ పప్పులో కారం తగ్గించానండీ," అని సుధాకరరావు భార్య అరుంధతి తెలుగులోనే అనేది. ఒకునో బుద్ధిగా తలూపేవాడు. "చూశారా, ఇన్నేళ్ళ కాపురంలో మీరొక్కసారైనా ఇలా తలూపారా?" అని మొగుణ్ణి దెప్పేది.

దరఖాస్తు ఆదివారం, ఇక్కడ వారం మొదలయ్యే రోజున, వెయ్యాలి. అంతకు ముందు శుక్రవారం, అందరూ తింటుండగా, వాళ్ళమ్మాయి చరిత ఫోను ఆయన ముందు పెట్టింది.

"అంకుల్, డాడీ సన్మానం చూడండి. ముందటేడు ఉగాదికి."

తెలుగు సంఘం వాళ్ళ వేదిక. మనవాళ్ళలో ఎవరేం సాధించినా ముందు శాలువా పడాల్సిందే. శాలువా పడింది, దండ పడింది. వెనక తెర మీద సీలు బొమ్మ, లోపలి భాగాలతో సహా. సుధాకరరావు ఒక్కొక్కటీ వేలుపెట్టి చూపిస్తున్నాడు. జనం చప్పట్లు.

ఒకునో చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. బాగుందమ్మా అని ఫోను తిరిగిచ్చేస్తే చాలు. ఆదివారం దరఖాస్తు పడుతుంది. వచ్చే శుక్రవారం కారు వస్తుంది.

"ఇది ఇంటర్నెట్‌లో ఉందా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"అప్పట్నించీ ఉంది," అన్నాడు సుధాకరరావు, నవ్వుతూనే.

"అయితే పేటెంటు రాదు. ఏడాదిలోపైతే కొన్ని దేశాల్లో దారి ఉండేది. ఇప్పుడెక్కడా లేదు. నేను ఈ దరఖాస్తు వెయ్యలేను."

నవ్వు పోయింది. "మా ఉగాది ఫంక్షన్ ఎవడు చూస్తాడండీ? ఇప్పుడే తీయించేస్తాను."

"తీయించినా చూపించినట్టే."

"మీరొక్కరే కదా చూసింది. చూడలేదనుకోండి."

ఈ మాట ఆయనతో ఒసాకాలో పెద్ద పెద్ద కంపెనీలవాళ్ళు అన్నారు. లేచి తలుపు తీసి, వెళ్ళమన్నాడు. కానీ వాళ్ళెవరూ ఆయనకి అన్నం పెట్టలేదు.

"చూశాను," అన్నాడు ఒకునో.

సుధాకరరావు కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. "మూడేళ్ళ కష్టం. మనింట్లో తింటూనే మన కొంప ముంచాడు," అన్నాడు భార్యతో తెలుగులో.

"తినేదాకా ఆగలేకపోయాడా?" అంది అరుంధతి. ఈసారి బాబాయిగారు అనలేదు. చరిత ఫోను తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది. ఒకునో మిగిలిన అన్నం మెతుకు వదలకుండా తిని, ట్యాక్సీలో వెళ్ళాడు. ఎవరూ దిగబెట్టలేదు.

ఆ వారంలోనే సుధాకరరావు ఇంకో ఏజెంటుకి డబ్బు కట్టాడని ఆఫీసులో విన్నాడు. వాడు వీడియో సంగతి అడగలేదట. అడిగినా సుధాకరరావు చెప్పేవాడు కాడు.

శుక్రవారం ఒకునో చొక్కా ఇస్త్రీ చేసుకుని కింద లాబీలో కూర్చున్నాడు. నమాజు అయింది, జనం ఇళ్ళకి పోయారు. ఒంటిగంట దాటాక ఫోను చేశాడు. అరుంధతి తీసింది.

"ఇవాళ మా ఇంటికి చుట్టాలొచ్చారండీ," అంది ఇంగ్లీషులో, మర్యాదగా. వెనక చుట్టాల సవ్వడేమీ లేదు. కుక్కరు కూత వేస్తోంది. "మీరు భోంచేశారా?"

"చేశాను," అన్నాడు ఒకునో.