గేటు ముందర గంగమణి

గంగమణికి ఎంసెట్‌లో డాక్టరు సీటు వచ్చేంత ర్యాంకు వచ్చింది. బోధన్‌లో ఆత్మారాం నడిపే ప్రైవేటు జూనియర్ కాలేజీలో అంత మంచి ర్యాంకు అంతకుముందు ఎవరికీ రాలేదు. పేపరువాళ్లు ఫొటో తీసిన రోజు ఆత్మారాం స్వయంగా ఆమె నోట్లో మిఠాయి పెట్టాడు. ఆ వారమే కౌన్సెలింగ్ కోసం సర్టిఫికెట్లు అడగడానికి తండ్రి లింబయ్యతో కలిసి వెళ్తే, కూర్చోమని కూడా అనలేదు.

"రెండో యేడు ఫీజు బాకున్నరు. కట్టి తీస్కపోండ్రి."

"చెరుకు ఫ్యాక్టరీకి తోలిన సారూ. బిల్లు రాంగనె మొదలు మీకే కడ్త. పిల్ల హైదరాబాద్ పోవాలె."

"మీ బిడ్డ డాక్టరయితది సరే, మరి నా ఫీజు ఎవలియ్యాలె?"

లింబయ్య వంగి అతని కాళ్లు పట్టుకున్నాడు. ఆత్మారాం కాళ్లు కుర్చీ కిందికి లాక్కుని ఫోను ఎత్తాడు. గంగమణి తండ్రిని భుజాలు పట్టి లేపింది. బయటికి వచ్చాక కూడా ఆమె ఏడవలేదు.

ఎడ్లను అమ్మి ఫీజు కట్టి సర్టిఫికెట్లు తెచ్చుకునేసరికి కౌన్సెలింగ్ తేదీ దాటిపోయింది. సీటు పోయింది.

ఏడాదంతా సొంతూరు మోస్రాలో ఇంట్లోనే కూర్చుని చదివి మళ్లీ పరీక్ష రాసింది. ఈసారి డాక్టరు సీటుకు ర్యాంకు చాలలేదు. పశువైద్యంలో మాత్రం వస్తుందన్నారు. ఆ కబురు విని తిరిగి వస్తుంటే బోధన్ బస్టాండు గోడమీద ఆమె మొహమే కనిపించింది. కింద పోయినేటి ర్యాంకు, దాని కింద 'మా కాలేజీ ఆణిముత్యం' అని పెద్ద అక్షరాలు.

గంగమణి ఊరి బస్సెక్కలేదు. నేరుగా కాలేజీకి నడిచి, గేటు పక్కన అతికించిన అదే పోస్టరు కింద నిలబడింది. అడ్మిషన్ల కాలం. వర్ని వైపునుంచి కొడుకును వెంటబెట్టుకొచ్చిన ఒక రైతు పోస్టరునూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

"గీ పిల్లవు నువ్వేనా అమ్మా? డాక్టరు సదువుతున్నవా?"

"నేనే. సదువుతలేను."

"ఎందుకట్ల?"

గంగమణి జరిగింది జరిగినట్టు చెప్పింది. తండ్రి కాళ్లు పట్టుకున్నదీ దాచలేదు. రైతు కొడుకు చెయ్యి పట్టుకుని వెనుదిరిగాడు.

మరునాడూ వచ్చింది. ఆ తర్వాతా వచ్చింది. ఆమెను వెళ్లగొట్టమని ఆత్మారాం చెబితే వాచ్‌మన్ ముత్యం, "ఆడివిల్ల, రోడ్డుమీద నిలవడ్డది, నేనేం జేయాలె సార్" అని తప్పుకున్నాడు. చివరికి ఆత్మారామే బయటికి వచ్చాడు.

"ఏం గావాలె నీకు? ఈ యేడు కోచింగు ఫ్రీగ ఇస్త, హాస్టలు గూడ."

"పోయిన యేడు గావాలె సార్. ఇస్తరా?"

ఆ సాయంత్రమే పోస్టర్లన్నీ చింపించాడు. ఉత్త గోడ దగ్గర కూడా ఆమె అలాగే నిలబడింది. నిజామాబాద్‌లోని ఇంకో కాలేజీ మనిషి మోటరు సైకిలుమీద వచ్చి, అడ్మిషన్లయ్యేదాకా నిలబడితే దినానికింత ఇస్తామన్నాడు.

"నా పగ నాది. కిరాయికియ్య" అంది.

ఇంట్లో లింబయ్య బతిమాలాడు. "సాలు బిడ్డా. పైసలు గట్టినం, అయిపాయె. నలుగుట్ల నా పేరు గూడ తీస్తున్నవు, నాకు సిగ్గయితున్నది."

"సిగ్గు నీకెందుకు బాపూ? లోపల కూసున్నోనికి రావాలె."

అడ్మిషన్లు ముగిసేదాకా ఆమె వెళ్తూనే ఉంది. ఆ తర్వాతే పశువైద్యం సీటు తీసుకుని హైదరాబాద్ వెళ్లింది. గొడ్ల డాక్టరని హాస్టల్లో స్నేహితురాళ్లు తమమీద తామే జోకులేసుకుంటుంటే ఆమెకు నవ్వొచ్చేది కాదు.

రెండో ఏడు సెలవులకు ఇంటికి వచ్చింది. తండ్రి పక్కన కూర్చుని అన్నం తింటోంది.

"ఆత్మారాం సారు కాలేజి మూసిండట" అన్నాడు లింబయ్య మెల్లగా. "పిల్లలే చేరలేరంట. బిల్డింగు గూడ అమ్మిండు. మొన్న బజాట్ల కండ్లవడ్డడు, మనిషి సగమయిండు. పాపమనిపిచ్చింది బిడ్డా."

గంగమణి ముద్ద కలపడం ఆపింది.

"ఇంకోసారి చెప్పు బాపూ."

లింబయ్య ఆమె మొహంలోకి చూసి తల దించుకున్నాడు. మళ్లీ చెప్పాడు. ఆమె తృప్తిగా వింటూ, కంచంలో ఒక్క మెతుకు మిగలకుండా తింది.