నీల్ దీవిలో గది

ఉదయ్ అరకు స్టేషన్ దగ్గర జీపు నడుపుతాడు. రైలు దిగినవాళ్లను బొర్రా గుహలకూ, చాపరాయి జలపాతానికీ తిప్పి తీసుకొస్తాడు. ఎవరికి ఎక్కడ బస బాగుంటుందో, ఏ పూట ఏది చూడాలో ఇట్టే చెప్పేస్తాడు. అలాంటివాడు పెళ్లాంతో వెళ్లే ప్రయాణానికి ఒక్క గది తేల్చుకోలేక వారం నుంచి సతమతమవుతున్నాడు.

మొన్న ఫిబ్రవరిలో భార్య కృపావతికి కాన్పు కష్టమై విశాఖలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆడబిడ్డ పుట్టింది గానీ ఏడవలేదు. ఆ తర్వాత కృపావతీ ఏడవలేదు. సొంతూరు డుంబ్రిగుడకు తిరిగొచ్చి వంట చేసింది, కాఫీ తోటలో కలుపు తీసింది, ఆదివారాలు చర్చికి వెళ్లింది. అడిగినదానికి బదులు చెప్పింది. అంతే. చూసి చూసి అత్త సోములమ్మ కొడుకును పక్కకు పిలిచి, "దాన్నెక్కడికైనా తీసుకెల్లరా. ఆ గుంట రాయైపోతంది," అంది. అండమాన్ వెళ్దామని ఉదయ్ అనుకున్నది అప్పుడే.

ఆ మధ్యాహ్నం వానకి బాడుగల్లేక ఇంట్లోనే ఉన్నాడు. వరండాలో చేటతో చోళ్లు, అంటే రాగులు, చెరుగుతున్న భార్య పక్కన కూర్చుని ఫోన్ చూపించాడు.

"ఇది హేవ్‌లాక్ దీవిలో. తలుపు తీత్తే ఇసకే. ఏటంటావు?"

"బావుంది."

"ఇది నీల్ దీవిలో. మంచం మీంచే సముద్రం కనబడతాది."

"ఇదీ బావుంది."

"రెండూ బావుంటే ఎలాగ? ఒకటి సెప్పు."

"నీ ఇష్టం."

అద్దం అడుగున్న పడవలో వెళ్తే నీళ్ల కింద పగడాలు కనిపిస్తాయన్నాడు. మడ అడవుల్లోకి చిన్న పడవ వేసుకుపోవచ్చన్నాడు. కృపావతి అన్నిటికీ తలూపింది. ఫొటోల్లో నీళ్లు నీలంగా ఉన్నాయి, నీలంగా ఉన్నాయని ఆమెకు తెలుస్తోంది. తిమ్మిరెక్కిన కాలిని చేత్తో ముట్టుకున్నట్టుంది ఆమె ప్రాణానికి.

ఉదయ్ నీల్ దీవి లాడ్జికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. లాడ్జి నడిపే అనురాధది శ్రీకాకుళం నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబం.

"ఎంతమంది వత్తారు బాబూ?"

"ఇద్దరం."

"పిల్లలేటైనా ఉన్నారా?"

ఉదయ్ నోరు తెరిచాడు. కృపావతి చేట కింద పెట్టి ఫోన్ అందుకుంది.

"పిల్లల్లేరక్కా. సముద్రానికి దూరంగా గది ఉందా? అలలు వినబడకూడదు."

"అందరూ ఒడ్డునే కావాలంటారమ్మా. ఎనక వక్కతోటలో ఒక గదుంది. అక్కడికి రొద రాదు."

"అదే ఇయ్యండి."

ఫోన్ పెట్టేశాక ఉదయ్ అడిగాడు. "అలలేటి కృపా?"

ఆమె వాన వైపు చూస్తూ చెప్పింది. "ఆసుపత్రిలో నా మంచం పక్క కిటికీ సముద్రం వైపుండేది. పాపని అట్టుకెళ్లిపోనారు. నువ్వు కింద కాయితాల కాడున్నావు. ఎవరైనా ఏడుత్తారేమో అని సూసినాను. తెల్లార్లూ అలల రొదొక్కటే మోగింది. ఇక్కడికొచ్చినా ఆగలేదు. ఇప్పుడీ వానా అలాగే ఇనబడతంది."

ఉదయ్‌కి ఇదేదీ తెలీదు. అతనూ ఆమెకు చెప్పనిది ఒకటుంది. కొండవాలున పాపకి గొయ్యి తవ్వింది తనేనని, మంచుకి మన్ను తడిగా ఉండి పార జారిపోయిందని ఇప్పుడు చెప్పాడు. చెబుతుంటే కళ్లమ్మట నీళ్లు కారాయి. కృపావతి ఆ నీళ్లను కాసేపు ఊరికే చూసింది. తర్వాత పమిట చెంగుతో తుడిచింది. తన కళ్లు పొడిగానే ఉన్నాయి.

"మరైతే మానేద్దాం. రంపచోడవరం వైపు ఎల్దాం, అడవే గదా," అన్నాడు.

"వద్దు. ఎల్దాం. పగలు పడవెక్కుతాను. అడుగున ఏటుందో సూత్తాను. రేత్రికి మాత్రం నాకు నిద్ర కావాలి."

ఇన్ని నెలల్లో ఆమె నోట కావాలన్న మాట రావడం అదే మొదలు. ఉదయ్ మళ్లీ లాడ్జికి ఫోన్ చేసి నవంబర్‌కి ఆ వెనక గదే ఖాయం చేశాడు.

తోట నుంచి తడిసి వచ్చిన సోములమ్మ గుమ్మంలో తల తుడుచుకుంటూ, "ఏటి, తేలిందా?" అనడిగింది.

"తేలింది అత్తా. నవంబర్లో ఎల్తన్నాం," అంది కృపావతి, ఉదయ్ కంటే ముందుగా. గొంతు ఎప్పటిలా చప్పగానే ఉంది. లేచి, ముసలామెకు పొడి చీర తేవడానికి లోపలికెళ్లింది.