శుక్రవారం నాటి అనుమానం

మిలిటరీకి పోతానని తమ్ముడు ఏబెల్ చెప్పగానే అమ్మ అడిగిన మొదటి మాట, "ఎవలు జెప్పిన్రు నీకు?" అని.

ఎవరూ చెప్పలేదన్నాడు వాడు. అమ్మ నమ్మలేదు. ఇంటర్ తప్పాక వాడు బొల్లారంలో ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు పనికి చేరాడు. సూపర్‌వైజర్ అందరి ముందు తిట్టాడని మానేశాడు. అక్కడ పరిచయమైన చార్లీతో కలిసి నిద్రమాత్రలకు అలవాటు పడ్డాడు. ఒక సాయంత్రం తన చేతిని తానే కోసుకుంటే నేనే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాను. అప్పటి నుంచి మా ఇంట్లో కూరగాయల కత్తి అమ్మ చీరల కింద ఉంటుంది. ఆ తర్వాత నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకున్నవాడు, ఇప్పుడు అగ్నివీర్ రాతపరీక్ష పాసై, పరుగు పరీక్షకు తయారవుతున్నాడు.

మా కాజీపల్లి చర్చి సంఘంలో అందరూ సంతోషించారు. అమ్మ మాత్రం వాడి ముఖంలోకి అదే పనిగా చూసేది. బతకడానికి పోతున్నాడా, ఇంకెందుకైనా పోతున్నాడా అన్నది ఆమెకు తేలలేదు.

"బ్లేడు గూడ కనపడకుంట దాస్తున్న నేను. వాళ్లు వీనికి తుపాకి ఇస్తరు" అంది నాతో.

ఆ వారం నుంచే శుక్రవారాలు ఉపవాసం మొదలుపెట్టింది. పొద్దంతా ఉత్త మంచినీళ్లతోనే తను పనిచేసే కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో నిలబడి పనిచేసి, కంపెనీ బస్సు దిగి నేరుగా చర్చికి పోయేది. కొడుకు గెలవాలనే ఉపవాసం ఉంటోందని పాస్టరు గారు మైకులో చెప్పి ప్రార్థన చేశారు. ఏబెల్ వెనక వరసలో తల వంచుకుని విన్నాడు. ఆమె దేవుణ్ణి అడుగుతున్నది మాత్రం వాడు పరుగులో ఓడిపోవాలని. అది నాకొక్కదానికే తెలుసు. తప్పు కదమ్మా అన్నాను.

"నువ్వు డిగ్రీ సదివినవ్ గని, కొడుకును కనలే" అంది.



కొన్ని వారాలకు అమ్మ ఒక సంగతి కనిపెట్టింది. మిగతా రోజులు బాగానే ఉన్న ఏబెల్ శుక్రవారం సాయంత్రానికి వడలిపోతున్నాడు. కళ్లు లోపలికి పోతాయి, పిలిస్తే ఆలస్యంగా పలుకుతాడు. ఆమె చెమట తుడిచే సాకుతో వాడి నోటి దగ్గర వాసన చూసింది. వాడు లేనప్పుడు దిండు గలీబు విప్పింది, బూట్లలో చెయ్యి పెట్టి వెతికింది. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా ఎక్కువైంది.

"శుక్రారం చార్లీకి వీక్లీ ఆఫ్" అంది ఒకరోజు, అన్నం కలుపుతూ. లెక్క కుదిరినట్టే ఉంది.

తర్వాతి శుక్రవారం ఇద్దరం పనికి సెలవు పెట్టి పొద్దున్నే చార్లీ కిరాయి గది తలుపు కొట్టాం. అతను బనీనుతో బయటికొచ్చాడు. అమ్మ గది లోపలికి తొంగి చూసి, మాత్రలు ఎక్కడ పెట్టావని అడిగింది. తాను అవి ఎప్పుడో బంద్ చేశానని, ఏబెల్‌ను మార్చింది ఆ పరుగేనని అతను చెప్పుకొచ్చాడు. అమ్మ కదల్లేదు. శుక్రవారాలే వాడెందుకట్లా అవుతున్నాడని గట్టిగా నిలదీసింది.

చార్లీ నా వైపు చూశాడు. మీకు తెలియదా అన్నట్టుంది ఆ చూపు.

"ఆంటీ, శుక్రారం వాడు నాతాన చాయ్ గూడ తాగడు. పొద్దుగాల ఉరుకుతడు, పొద్దంత ఉపాసముంటడు. జెర తినరా అంటే, మా అమ్మ నా కోసం ఉపాసముండి నిలబడి పనిచేస్తుంటే నేనెట్ల తింట అంటడు."

అమ్మ గుమ్మం పట్టుకుంది.

వాడు పరుగు తీసే గ్రౌండుకు పోయేసరికి ఏబెల్ గోడ పక్కన మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేవబోయి మళ్లీ కూలబడ్డాడు. ఎవరికేమైందని అడిగాడు. అమ్మ వాడి ముందు మట్టిలో చతికిలబడింది.

"నువ్వు ఓడిపోవాలెనని ఉపాసముంటున్నరా నేను."

వాడికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకున్నాడు. ఎందుకని అడగలేదు. చొక్కా చేతిని పాత గాటు మీదికి లాక్కున్నాడు, అంతే.

"ఈడ అందరికి ఎరుకేనమ్మ నేనెట్లుండెనో" అన్నాడు చివరికి. "నువ్వు నా దిండు ఎతుకుతవ్. అక్క నా మొకం సూస్తది. ఆడ మిలిట్రీల ఎవ్వలకు ఎరుక లేదు. ఒక్కసారి అట్ల బతకనియ్యి."

"ఎవ్వలకు ఎరుక లేకపోవుడే నా భయం బిడ్డా."

మనసు బాగాలేకపోతే ఏ రాత్రయినా ఫోన్ చేస్తానని, బాగున్నానని మాత్రం అబద్ధం చెప్పనని అన్నాడు. అమ్మ వాడి కళ్లలోకి చూసింది. నమ్మిందో లేదో నాకు తెలియలేదు.

గేటు దగ్గర ఇడ్లీ బండి ఉంది. అమ్మ ఒక ప్లేటు తెచ్చి వాడి ముందు పెట్టింది. వాడు ముట్టుకోలేదు, ఆమె చేతుల వైపే చూశాడు. అమ్మ ఒక ముక్క తుంచి ముందు తన నోట్లో పెట్టుకుంది. మింగేవరకూ చూసి, అప్పుడు తిన్నాడు వాడు.

మరి ఈ సాయంత్రం ప్రార్థనకు పోవా అని మెల్లగా అడిగాను.

"పోత. ఏమడగాల్నో ఇంక తెలుస్తలేదు" అంది అమ్మ, ఇంకో ప్లేటు కోసం లేస్తూ.