గేటు దగ్గర ఒడిబియ్యం

రాకుమారి మేడ మీద కూర్చుని ఏడుస్తుంటే, ఎవడో గుర్రమెక్కి వచ్చి విడిపిస్తాడట! అలాంటి కథలంటే నాకు ఒళ్ళు మంట. మా ఎర్రమ్మ పిన్ని కథ చెబుతాను, కుదురుగా కూర్చోండి. ఇందులో మేడ లేదు, గుర్రం లేదు. ముళ్ళకంచె ఉంది, తుపాకులున్నాయి. మధ్యలో ప్రశ్నలడిగితే లేచిపోతాను.

అప్పటికింకా మలాయ్ దేశానికి మెర్డెకా, అదే స్వాతంత్ర్యం, రాలేదు. అడవిలో తుపాకులు పట్టినవాళ్ళు, రోడ్ల మీద తెల్లదొరల సైన్యం, మధ్యలో బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటల్లో మనవాళ్ళు. అడవిలో వాళ్ళకు తిండి అందకూడదని సర్కారు మా కూలీల లైను ఇళ్ళ చుట్టూ కంచె వేసింది. బియ్యపు గింజ గేటు దాటిందా, జైలే.

మా అమ్మ రామలక్ష్మి అప్పుడు కడుపుతో ఉంది. పుట్టింట్లో కొన్నాళ్ళుండి, అవతలి తోటలో ఉన్న అత్తారింటికి తిరిగి వెళ్తోంది. ఆడపిల్లను ఒట్టి ఒడితో పంపితే మనవాళ్ళు ఊరుకుంటారా? మా అమ్మమ్మ కూర్మమ్మ పసుపు కలిపిన బియ్యం ఆమె కొంగులో పోసి ముడి వేసింది. అత్తారిల్లు చేరేదాకా ఆ ముడి విప్పకూడదు. గింజ నేల మీద పడితే కడుపులో బిడ్డకు కీడని అమ్మమ్మ నమ్మకం.

"గేటు కాడ అట్టుకుంటారే అమ్మా!" అని మా అమ్మ చెల్లెలు ఎర్రమ్మ పిన్ని మొత్తుకుంది. అప్పటికి ఆమెకు పన్నెండేళ్ళు.

"ఒడిబియ్యం తిండేటే? దీవెన! దీవెనని ఎవులట్టుకుంటారు?" అంది అమ్మమ్మ.

పట్టుకున్నారు. గేటు కాపలా సార్జెంటు లాఠీతో కొంగు ముడి తట్టి, విప్పమని మలాయ్‌లో అరిచాడు. అమ్మ ముడిని రెండు చేతులా బిగబట్టింది.

"సంపినా ఇప్పను" అంది.

"అయితే లారీ ఎక్కించండి!" అన్నాడతను. ఇద్దరు పోలీసులు ముందుకొచ్చారు. అమ్మమ్మ అతని కాళ్ళ మీద పడింది. లైను జనమంతా నోరు మెదపకుండా నిలబడిపోయారు. పిరికి గొడ్లు!

పిన్ని ఒక్క దూకున అక్కకు అడ్డం నిలబడింది.

"తుయాన్, దొరా! మా అక్క ఇంకా గేటు దాటలేదు! కంచె లోపల బియ్యముంటే తప్పేటి?"

సార్జెంటు కిందకు చూశాడు. నిజమే, అమ్మ కాళ్ళు గేటుకు ఇవతలే ఉన్నాయి. "అయితే ఇక్కడే పారబోయమను. కర్ఫ్యూ వేళకు గేటు మూసేస్తాను" అన్నాడు.

పారబోస్తే బిడ్డకు కీడు. పోయకుండా గేటు దాటితే జైలు. పిన్ని ఇంటికి పరిగెత్తి కుండ తెచ్చి, కొంగు కింద పెట్టి, తన చేత్తోనే ముడి లాగేసింది.

"ఓలమ్మో, ముడిప్పేసినాదిరో!" అని అమ్మమ్మ గుండెలు బాదుకుంది.

పిన్ని వినిపించుకుంటేగా! మూడు రాళ్ళు పెట్టి, రాలిన రబ్బరు కొమ్మలు విరిచి, నీళ్ళు పోసి ఎసరు పెట్టింది. కొమ్మలు తడిసి ఉన్నాయి, మంట అంటుకోదు. పొద్దు వాలిపోతోంది. ఊది ఊది ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. ఎలాగైతేనేం, అన్నం పసుప్పచ్చగా ఉడికింది. దాన్ని ఆకులో పెట్టి అక్క చేతికివ్వబోతే, సార్జెంటు లాఠీ అడ్డం పెట్టాడు.

"ఉడికినా సరే, తిండి బయటికి పోదు. ఒక్క మెతుకు కూడా."

పిన్నికి ఏడుపు ముంచుకొచ్చింది. అంతకు మించి కోపమొచ్చింది. అన్నం ముద్ద చేసి ఊది, అక్క నోటి దగ్గర పెట్టింది.

"తిను."

"అత్తారింటికి సేరకుండా ఎలా తింతానే?"

"నీ కడుపులోకెల్లిందీ అత్తారింటికే ఎల్తాది. తినవే అక్కా!"

అమ్మ ఏడుస్తూనే తింది. ముద్ద తరువాత ముద్ద, ఆకు ఖాళీ అయ్యేదాకా. పిన్ని ఒక్క మెతుకు తన నోట్లో వేసుకోలేదు. తరువాత సార్జెంటు వైపు తిరిగింది.

"సూడండి తుయాన్. కొంగు కాళీ, సేతులు కాళీ. ఇంక కడుపు కోసి సూత్తారేటి?"

ఒక పోలీసు తుపాకీ ఎత్తాడు. సార్జెంటు అమ్మ కడుపు వైపు చాలాసేపు చూసి, తల తిప్పుకుని, "గేటు తీయండి" అన్నాడు.

చీకటి పడుతుండగా అమ్మ అత్తారిల్లు చేరింది. మా నాయనమ్మ నూకమ్మ నోటికి తోటంతా జడిసేది. గుమ్మంలోనే కోడలి కొంగు పట్టుకు చూసింది.

"ఒట్టి ఒడితో పంపినారేటే?"

అమ్మ అత్త చెయ్యి తీసి తన కడుపు మీద పెట్టుకుంది.

"ఇందులో పెట్టి పంపినాది అత్తా, మా ఎర్రమ్మ" అని జరిగిందంతా చెప్పింది.

నూకమ్మ ఆ చెయ్యి తీయలేదు. "ఆ పిల్లని ఓపాలి నా కాడికి తీసుకురా. నా సేత్తో దానికి ముద్దెడతాను" అంది.