చూపుడువేలు

గోరువెచ్చని నీళ్ల గిన్నెలో కుడిచేతి చూపుడువేలు ముంచి జగ్గారావు మేష్టారు వరండాలో కూర్చున్నారు. కాసేపు నానాక వేలికొసను గరుకురాయితో మెల్లగా రుద్ది, తువ్వాలుతో అద్దారు. చిన్నప్పుడు తగరపువలస దగ్గరి పొలంలో కలుపు తీసి, ఆ తర్వాత ఉద్యోగమంతా సుద్దముక్క పట్టి మొద్దుబారిన వేలు అది. రోజూ పొద్దున్నే ఇలా బతిమాలితే గానీ మాట వినదు.

"అయిందేటి తాతా? కాలేజీకి లేటైపోతంది!" గేటు దగ్గర స్కూటీ మీంచి మనవరాలు దేవి కేకేసింది.

"వచ్చేత్తన్నానమ్మా. ఇయ్యాల నాకూ పరీక్షే."

గాజువాక నుంచి సీతమ్మధార దాకా దేవి వెనక కూర్చుని వెళ్లడం ఏడాదిగా అలవాటైంది. దారిలో ఆటోనగర్ ఇనుము మోత, ఓడరేవు దగ్గర బొగ్గు వాసన వస్తే ఎక్కడున్నారో తెలుస్తుంది. కళ్లకు నీటికాసుల జబ్బు. సన్నటి గొట్టంలోంచి చూసినట్టు లోకం నానాటికీ ఇరుకైపోతోంది. డాక్టరు ఇక మందు లేదని చెప్పిన రోజు మేష్టారు, "మరి సదవడం ఎలాగ?" అని అడిగారు.

"ఫోన్లో వినొచ్చు నాన్నా," అన్నాడు కొడుకు అశోక్.

"వినడం వేరురా. సదవడం వేరు."

ఆ వారమే అంధుల బడికి వెళ్లి, ఒకటో తరగతిలో చేర్చుకోమని అడిగారు.

ఆయన లెక్కల మేష్టారుగా పనిచేసింది భీమిలి పక్కన చేపలవాళ్ల ఊళ్లో. వలలు బాగుచేసే రోజుల్లో పిల్లలు బడికి వచ్చేవారు కాదు. ఎన్నిసార్లు కబురుపెట్టినా రాకపోతే తనే ఇసుకలోకి వెళ్లి వాళ్ల పక్కన చతికిలబడి, వల అల్లడం నేర్చుకుంటూ, ముళ్లు లెక్కపెట్టిస్తూ ఎక్కాలు చెప్పారు. బడికి కంప్యూటరు వస్తే ఎనిమిదో తరగతి పిల్లల చేత నేర్పించుకున్నారు. రిటైరయ్యాక పక్కింటి ఒడియా కుటుంబం దగ్గర వాళ్ల అక్షరాలు దిద్ది, రైల్వేస్టేషన్లో రైలుపెట్టె మీది పేరు పైకి చదివి మురిసిపోయారు. "మీకు రిటైర్మెంటు ఇచ్చినోళ్లు ఆ బుర్రకి ఇవ్వలేదేటి?" అని భార్య ధనలక్ష్మి నవ్వేది. ఆమె పోయి నాలుగేళ్లయినా ఏ కొత్త సంగతి తెలిసినా ముందు ఆమెకే చెప్పాలనిపిస్తుంది.

తరగతిలో బెంచీలు పొట్టివి. మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఆరేళ్ల చిట్టి పక్కన కూర్చుంటారు. మొదట్లో బ్రెయిలీ లిపి ఉబ్బెత్తు చుక్కలు కాగితం మీద చల్లిన రవ్వలా ఉండేవి. ఎక్కడ ఏ అక్షరం ఆగిందో, ఎక్కడ మొదలైందో అంతుపట్టలేదు. పైన ఒక్క చుక్క 'అ', నిలువుగా మూడు చుక్కలు 'ల' అని, రెండూ కలిపి 'అల' అని వేలికి అందేసరికి ఎండాకాలం గడిచిపోయింది. ఆ రోజు పిల్లలందరికీ జీడిపాకం పంచారు.

టీచరు సత్యశ్రీ పుట్టుకతోనే చూపులేని అమ్మాయి. ఆయన ముందు లావుపాటి పుస్తకం తెరిచి పెట్టింది.

"ఇవాళ ఎవరూ సాయం చెయ్యరు మేష్టారూ. మొదటి పేజీ మీరే చదవాలి."

మేష్టారు కళ్లద్దాలు తీసి, మడిచి బెంచీ మీద పెట్టారు. వేలు మొదటి వరుస మీద కదిలింది. "పి... పిల్ల... తా..." అక్కడ ఆగిపోయింది. వేలిని ఇంకా గట్టిగా అదిమారు.

"నొక్కీకు తాతా," చిట్టి గుసగుసలాడింది. "అలా తాకితే సాలు."

ఆయన ఊపిరి వదిలి, చేతిని తేలిక చేశారు. "పిల్ల తాబేలు... ఇసుకలోంచి... తల బయటపెట్టింది. ఎదురుగా... సముద్రం." పేజీ చివరిదాకా ఆగి ఆగి, అక్షరం వదలకుండా చదివారు.

"ఒక్క తప్పూ లేదు," అంది సత్యశ్రీ.

మేష్టారు పెద్దగా నవ్వారు. "ఇన్నేళ్లకి మళ్లీ ఒకటో క్లాసు పాసయ్యానమ్మా! ఇంతకీ ఆ తాబేలు నీట్లోకి ఎల్లిందా లేదా?"

"రెండో పేజీ రేపు."

"నాకు తెలుసు తాతా, సెప్పీనా?" చిట్టి ఎగిరింది.

"వద్దమ్మా, వద్దు. నానే సదువుకుంటాను."

మధ్యాహ్నం ఇంటికి వెళ్తూ దారంతా దేవికి తాబేలు సంగతే చెప్పారు. చారన్నం ఇష్టంగా తిన్నారు. వరండాలో పడక్కుర్చీ వేయించుకుని, సముద్రం వైపు నుంచి గాలి వస్తోందని సంతోషపడ్డారు. నాలుగింటికి దేవి టీ తెచ్చి పిలిచింది. మళ్లీ పిలిచింది. ముఖం ప్రశాంతంగా ఉంది. ఒళ్లో కుడిచెయ్యి, పంచె అంచు మీద చూపుడువేలు. ఆయన వెళ్లిపోయారు.

మర్నాడు అశోక్ బడికి ఫోన్ చేశాడు. సత్యశ్రీ పిల్లలను దగ్గరకు పిలిచి, మేష్టారు ఇక రారని చెప్పింది. ఎవరో ఏడ్చారు. చిట్టి ఏడవలేదు.

"అయితే టీచర్, తాబేలు సముద్రంలోకి ఎల్లిపోయిందని తాతకి తెలీదా?"

సత్యశ్రీ ఆ పిల్ల తల నిమిరింది. పిల్లలు బయటికి వెళ్లాక బెంచీలు సర్దుతూ మేష్టారి చోటికి వచ్చి చెయ్యి చాపింది. వేళ్లకు చల్లగా గాజు తగిలింది. తెరిచి ఉన్న రెండో పేజీ మీద, మొదటి వరుస పక్కన, గుర్తుగా మడతపెట్టి ఉంచిన మేష్టారి కళ్లద్దాలు.